ఈగలు అడుక్కున్న అయ్యవారు

చావు కబురు తెచ్చిన కార్డును గడప దాటించకూడదని మా అత్తగారు నేర్పారు. బయటే చదివి, అక్కడే చించేసి, కాళ్ళు కడుక్కుని లోపలికి రావాలి. మొన్న బుధవారం పొద్దున ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చిన కార్డును నేను గడప బయటే చదివాను. పులివెందులలో తమ్ముడి దగ్గర ఉంటున్న మా సైన్సు అయ్యవారు పోయారట. రెండు రోజులు జ్వరం, మూడో రోజుకు మనిషి లేరు. కార్డు చించడానికి నాకు చేతులు రాలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఏడుపు కంటే ముందు నాకు నవ్వొచ్చింది. పోస్టుమాను నా మొహం చూసి, "ఏందమ్మా, ఏమన్నా శుభమా?" అని అడిగాడు. ఆ మనిషిని తలుచుకుంటే ఈగలు గుర్తొస్తాయి, ఈగలు గుర్తొస్తే నవ్వాగదు. పోస్టుమానుకు ఇదంతా ఎట్లా చెప్పేది?

"మా సైన్సు అయ్యవారు" అంటున్నాను గానీ ఆయన నాకు ఒక్క పాఠం కూడా చెప్పలేదు. అప్పట్లో మా ఆయనకు జమ్మలమడుగు తాలూకా ఆఫీసులో గుమాస్తా పని. ఆ ఊళ్ళో అయ్యవారి వాటా, మా వాటా పక్కపక్కన, మధ్యలో నడుమెత్తు గోడ. మాకు వెనక కొట్టం, కొట్టంలో ఒక గేదె. ఆయనకు ముందు వసారా, వసారాలో ఒక కుర్చీ. హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. పౌరోహిత్యం చేసుకునే ఇంట్లో పుట్టిన మనిషి. పొద్దునా సాయంత్రం సంధ్య వార్చేవారు. దారిలో చీమల బారు కనబడితే చెప్పులు చేత పట్టుకుని దాటేవారు. పిల్లలు లేరు. భార్య చలిజ్వరంతో పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది.

ఆ జ్వరం ఆయన మనసును ఒక పట్టాన వదల్లేదు. ఊళ్ళో రోగమనేదే లేకుండా చేయాలని కంకణం కట్టుకున్నారు. దోమల మందు కొట్టే వాళ్ళను మా ఊరికి పంపించమని అర్జీలు రాసేవారు. అర్జీకి జవాబు వచ్చేలోగా ఊరికే కూర్చోలేక ఈగల మీద పడ్డారు. "చంపద్దు, పుట్టనీయద్దు" అనేది ఆయన సూత్రం. పేడ ఎత్తేయాలి, ఎంగిలాకులు పాతిపెట్టాలి, బెల్లం కుండకు గుడ్డ కట్టాలి. "ఇంట్లో ఈగ కాలు పడితే ఎనకాలే వైద్యుడి కాలు పడుతుంది" అని వీధి వీధికీ చెప్పి తిరిగేవారు. ఆదివారం వస్తే సుద్దముక్క తీసుకుని బయల్దేరేవారు. శుభ్రంగా ఉన్న ఇంటి తలుపు మీద సున్నా చుట్టేవారు, ఈగలున్న ఇంటికి ఇంటూ గుర్తు పెట్టేవారు.

నేను కాపురానికి వచ్చిన మూడో వారం మా తలుపు మీద ఇంటూ గుర్తు పడింది.

ఆంధ్ర రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలు అవి. నాకేమో కాపురం కొత్త. కొత్త కోడలు ఉన్న ఇంటికి ఆ గుర్తు పడితే ఇక అనాల్సింది ఏముంది? నీళ్ళకు పోయిన చోట ఆడవాళ్ళు నన్ను చూసి కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. మా అత్తగారైతే గోడ దగ్గర నిలబడి, "ఎనుము ఉన్న ఇంట్లో ఈగలుండక నెమళ్ళుంటాయా!" అని వీధంతా వినబడేలా అరిచారు. అయ్యవారు గోడ అవతల నుంచి ఎంతో మర్యాదగా, "పేడకుప్ప దూరంగా వేయించక్కా, వచ్చే వారం నేనే సున్నా చుడతా" అన్నారు. ఆ మర్యాదకు నాకు ఇంకా మండింది. ఆ మనిషితో జన్మలో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నా పట్టుదల కడదాకా నిలిచేది గాదు, అది వేరే సంగతి.

ఆ ఏడు వానలు వెనకబట్టాయి. బడి తెరిచి నెలన్నర అయింటుంది. ఒక సాయంత్రం అయ్యవారు ఉత్తరీయంలో ఏదో మూటగట్టుకుని వచ్చారు. నుదుటి మీద బొప్పి. బడి కంచె మీద పాకుతున్న ఊసరవెల్లిని ఆయన క్లాసు పిల్లలు రాళ్ళతో కొడుతున్నారు. మధ్యలో దూరిన ఈయనకు ఒక రాయి తగిలింది, ఊసరవెల్లికి వెనక కాలు విరిగింది. ఆయన తన బొప్పి సంగతి మరిచిపోయి దాని కాలికి చీపురుపుల్ల ఆనించి నూలుతో కట్టు కట్టారు. కుండలో ఇసుక పోసి వేపకొమ్మ నాటి దాన్ని ఆ కొమ్మ మీద కూర్చోబెట్టారు. వీధి చివర ఇంట్లో అడిగి కోళ్ళు మూసే గంప తెచ్చి బోర్లించారు. కోడి ముట్టని మనిషి ఇంటికి కోళ్ళ గంప వచ్చిందని ఊరంతా గుప్పుమంది.

ఊసరవెల్లిని ఇంట్లో పెట్టుకుంటే అరిష్టమని పిల్లలు చెప్పారట, మా అత్తగారూ అదే మాట అన్నారు. ఆయన క్లాసులో వాళ్ళతో ఒక ఒప్పందం చేసుకుని వచ్చారు. దసరా సెలవులు ఇచ్చే రోజు దాకా దాన్ని బతికించాలి. బతికితే ఆ క్లాసులో ఒక్కడు కూడా ఇక నోరులేని దాని మీద రాయి ఎత్తకూడదు. చచ్చిందా, ఆయన ఇక జీవకారుణ్యం మాట ఎత్తకూడదు. నలభై మంది ఎదుట అన్న మాట. ఆ మాట పోతే ఆ క్లాసులో మళ్ళీ తల ఎత్తుకుని నిలబడలేనని ఆయన మా ఆయనతో చెప్పుకున్నారు.

దానికి "పెద్దమనిషి" అని పేరు పెట్టారు. అడుగు ముందుకు వేయాలా వద్దా అని ముందుకూ వెనక్కూ ఊగి ఊగి గానీ కాలు పెట్టదు, పంచాయతీలో పెద్దమనిషిలాగే. ఆ పేరు బాగానే కుదిరింది గానీ తిండి దగ్గర వచ్చింది చిక్కు. మొదటి రోజు నానబెట్టిన పెసరపప్పు పెట్టారు. రెండో రోజు అరటిపండు. మూడో రోజు పాలలో తడిపిన దూది. పెద్దమనిషి దేన్నీ ముట్టలేదు.

"ఒక కన్ను అరటిపండు మీద పెట్టింది, ఇంకో కన్ను నా మీద పెట్టిందప్పా. ఇద్దర్నీ నమ్మలే" అని అయ్యవారు మా ఆయనతో చెబుతుంటే మా అత్తగారు గోడ మీదుగా తల పెట్టారు.

"అదేమన్నా మీ గోత్రంలో పుట్టిందా అయ్యవారూ, పప్పూ పండూ తినడానికి? కదిలే పురుగు కావాల దానికి!"

ఆయనకు తెలియక కాదు. పుస్తకంలో ఉన్నదే, పిల్లలకు ఆయన చెప్పిందే. కానీ చీమను కూడా తొక్కని మనిషి బతికున్న పురుగును పట్టుకొచ్చి దాని నోటి ముందు పెట్టడమెట్లా? ఆ పొద్దంతా వసారాలో అటూ ఇటూ తిరిగారు. సాయంత్రం సంధ్య వార్చుకుని వచ్చి, "ఆకలికి ఆచారం చెప్పకూడదు. నేను వడ్డిస్తాండా, అంతే. తినేదీ చంపేదీ దాని యవ్వారం" అన్నారు. ఆ మాట మాతో అన్నారో దేవుడితో అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక వడ్డన మొదలైంది. వడ్డనలో ఎన్ని నియమాలో! జొన్నచేలో పచ్చ మిడత శ్రేష్ఠం, అదీ చిటికెనవేలిలో సగం ఉండాలి. అంతకంటే పెద్దదైతే కాళ్ళతో తన్ని పెద్దమనిషి నోరు గీరుతుంది. పత్తిచేలో మిడత పనికిరాదు, మందు చల్లి ఉంటారు. జిల్లేడు మీద పసుపూ నీలం చారలతో ఒక మిడత ఉంటుంది, చూడటానికి పెళ్ళికూతురే. దాన్ని ఒక పిల్లవాడు తెస్తే పెద్దమనిషి నాలుక విసిరి పట్టింది, మరుక్షణం ఉమ్మేసి పొద్దూకేదాకా మూతి కొమ్మకు రుద్దుకుంది. "సింగారం ఎక్కువున్న దాన్ని చూస్తే జాగ్రత్త పడాల" అని అయ్యవారు అన్నారు. సరిగ్గా అప్పుడే మా అత్తగారు చెవికమ్మలు పెట్టుకుని పెళ్ళికి పోతున్నారు. ఆ మాటకు రెండు రోజులు గోడ దగ్గరికి రాలేదు.

నీళ్ళదీ ఒక కథే. గిన్నెలో పెడితే తాగదు, ఆకుల మీద చుక్కలే నాకుతుంది. అందుకని రోజూ పొద్దున సంధ్య అయ్యాక అదే చెంబులో మళ్ళీ నీళ్ళు తెచ్చుకుని వేపకొమ్మ మీద చిలకరించేవారు. అది చూసిన పాలావిడ, అయ్యవారు ఊసరవెల్లికి పూజ చేస్తున్నారని ఊళ్ళో చెప్పొచ్చింది. ఇద్దరు ముగ్గురు టెంకాయలు కూడా తెచ్చారు.

మొదట్లో పిల్లలు మిడతలు ఊరికే తెచ్చిచ్చారు. వారం తిరిగేసరికి అణాకు ఎనిమిది అయ్యాయి, తర్వాత నాలుగు. కొత్త పైసలు వచ్చిన రోజులవి. అణాకు ఆరు కొత్త పైసలంటే మిడత పైసన్నర. అర పైస ఎవరిస్తారు? పిల్లలు లెక్కల్లో మొద్దులే గానీ ఇక్కడ మాత్రం మిడత రెండు పైసలని తేల్చేశారు. "సర్కారోళ్ళు నాణెం మార్చి నా పెద్దమనిషి నోటికాడి కూడు తీసినారు" అని అయ్యవారు లబలబలాడారు. జీతం నెలాఖరుకు అందేది గాదు. కాఫీ మానేశారు. ముద్దనూరు స్టేషనులో పనిచేసే స్నేహితుడికి ఉత్తరం రాస్తే ఆయన పాపం డబ్బా నిండా మిడతలు పట్టించి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపించాడు. డబ్బా మూతకు బెజ్జాలు పెట్టడం మరిచిపోయాడు. మూత తీసి చూసి అయ్యవారు స్నానం చేసొచ్చారు.

చివరికి తానే పెన్న ఒడ్డుకు బయల్దేరారు. గొడుగు తెరిచి తలకిందులుగా పట్టుకుని, పైన కొమ్మను కర్రతో తడితే పురుగులు గొడుగులో పడతాయి. ఒక రైతు చూసి, "వాన యాడుందని అయ్యవారూ గొడుగు? అదీ ఎల్లకిలా పట్టుకున్నారే!" అన్నాడట. "వానను గాదప్పా, మిడతల్ని పడతాండా" అన్నారట ఈయన. ఆ రైతు ఇంటిదాకా వెంట వచ్చి మా ఆయనకు అప్పజెప్పి, చల్లగా చూసుకోమని చెప్పి పోయాడు.

శ్రావణం వెళ్ళిపోయినా చినుకు లేదు. చేలు ఎండిపోయాయి. రెండు పైసలు కాదు, రెండణాలిచ్చినా మిడత లేదు. అప్పుడు అయ్యవారికి మిగిలింది ఒకే ఒక్క దారి, ఈగలు.

ఊళ్ళో ఈగలెక్కడివి? ఏడాది పొడుగునా సుద్దముక్క పట్టుకుని ఆయనే తరిమేశారు. ఇప్పుడాయన చేతిలో సుద్దముక్క లేకుండా, గ్లాసు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, "ఏమ్మా, మీ ఇంట్లో ఈగలేమన్నా ఉండాయా?" అని అడుగుతుంటే ఏ ఇల్లాలు ఉన్నాయంటుంది? ఆయన వీధి మలుపు తిరగ్గానే ఆడవాళ్ళు విసనకర్రలు, చీపుర్లు, చేటలు అందుకునేవారు. ఉన్న నాలుగు ఈగల్ని వెనక తలుపులోంచి వెళ్ళగొట్టి, చెమటలు తుడుచుకుంటూ ముందు తలుపు తీసి, "మా ఇంట్లో ఈగ పేరెత్తితే ఒట్టు!" అనేవారు. "ఒక్కటన్నా లేదామ్మా?" అని ఆయన దీనంగా అడిగితే, ఇదేదో కొత్త రకం పరీక్షనుకుని, "కావాలంటే వంటింట్లో చూసుకోండి" అని దండం పెట్టేవారు. వంటింట్లో ఏమీ ఉండేది గాదు. ఆయన గెలుపే ఆయనకు ఉరితాడయింది.

ఉన్నది చాలదన్నట్టు ఆయన అర్జీలకు జవాబు వచ్చింది. మందు కొట్టేవాళ్ళు పంపులు భుజాన వేసుకుని దిగారు. అయ్యవారు వసారాకు అడ్డం నిలబడి, "ఈడ కొట్టొద్దప్పా, నీకు పుణ్యముంటుంది" అన్నారు. వాళ్ళ మేస్త్రీ కాగితం తీసి చూపించాడు. "ఈడ కింద సంతకం మీదే గదా సామీ? రమ్మని రాసిందీ మీరే, వద్దనేదీ మీరేనా?"

అయ్యవారు పక్కకు తప్పుకున్నారు. పెద్దమనిషిని కుండతో సహా ఎత్తుకుని బడికి పోయి కూర్చున్నారు. గోడలన్నీ తెల్లగా, ఊరంతా మందు వాసన. మా ఇంట్లో కూడా కొట్టారు గానీ కొట్టంలోకి మాత్రం మా అత్తగారు రానివ్వలేదు. గేదె ఈని నాలుగు రోజులే అయింది. "పురిటి ఎనుము దగ్గరికి పరాయి మొగోడు పోతే పాలు చెడతాయి. అడుగు పెట్టినావంటే కాళ్ళిరగ్గొడతా" అని చాటంత గంటె పట్టుకుని నిలబడ్డారు.

మందు పడ్డాక ఊళ్ళో దొరికిన ఈగలన్నీ చచ్చినవో, చావబోయేవో. అవి పెడితే పెద్దమనిషి కూడా పోతుందని అయ్యవారు వాటిని ముట్టలేదు. నాలుగు రోజులు గడిచాయి. అది నల్లబడింది, కళ్ళు లోపలికి పోయాయి, కొమ్మను పట్టుకునే పట్టు సడలింది. ఐదో రోజు పొద్దున ఆయన మా గడప ముందుకు వచ్చి నిలబడ్డారు. గడ్డం మాసిపోయింది. నాకు ఆయన మీద ఉన్న కోపం ఆ మొహం చూడగానే ఎక్కడ పోయిందో తెలియదు.

"అక్కా, మీ కొట్టంలో..." అని ఆగిపోయారు.

మా అత్తగారు తొణకలేదు. "మా కొట్టంలో ఏముండాయో మీరే గదా తలుపు మీద రాసినారు. ఉండాయో లేవో మీరే చెప్పండి, వింటా."

"ఉండాయక్కా."

"అవి ఉండేది మంచిదా, చెడ్డదా?"

అయ్యవారు పాఠం చెప్పే మనిషి, అబద్ధం నోటికి రాదు. "మనిషికి చెడ్డదే. పెద్దమనిషికి మాత్రం అదే ప్రాణం. నేను ఒకవైపే చెప్పినాను. తినేదాన్ని బట్టి గదా తిండి."

"అట్లయితే వీధిలోకి పోయి చెప్పండి."

చెప్పారు. నడివీధిలో నిలబడి, గొంతు సవరించుకుని, క్లాసులో చెప్పినట్టే స్పష్టంగా చెప్పారు. "అందరూ వినండి. ఈ ఊళ్ళో మంచి ఈగలుండే ఇల్లు ఈ ఒక్కటే. ఈ ఇంటికి నేను రుణపడి ఉండాను." ఆ పక్క నుంచి ఈ పక్క దాకా తలుపులన్నీ తెరుచుకున్నాయి. పరువు నిలబడిందో, ఉన్నది కూడా పోయిందో నాకు అర్థం కాలేదు గానీ మా అత్తగారు మాత్రం గెలిచినట్టే తల ఎగరేసి కొట్టం తలుపు తీశారు.

ఈగల్ని పట్టే పని నాకు అప్పజెప్పారు. నేల మీద బెల్లంముక్క పెట్టి, వాలిన దాని మీద గ్లాసు బోర్లించి, కింద తాటాకు ముక్క తోసి ఎత్తడమే. మొదటి ఈగను గంప కింద వదిలాము. పెద్దమనిషి కదల్లేదు. ఈగ కొమ్మ మీద వాలింది. చాలాసేపటికి ఒక కన్ను అటు తిరిగింది. తర్వాత రెండోది. అయ్యవారు ఊపిరి బిగబట్టి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు, పట్టుకున్నట్టు ఆయనకే తెలియదు. నాలుక ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెనక్కి పోయిందో చూడలేదు. ఈగ మాత్రం లేదు.

"తినింది! తినింది!" అని అరిచింది అయ్యవారు కాదు, మా అత్తగారు.

ఆనాటి నుంచి ఆమెకు అదే లోకమైంది. అరిష్టమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. "ఆ బక్కది వద్దు, ఈ లావుదాన్ని పెట్టు. ఎండపొద్దున పెట్టొద్దు, అరగదు" అని నాకూ అయ్యవారికీ ఆజ్ఞలు. నిజం చెప్పాలంటే నేను గర్భంతో ఉన్నప్పుడు కూడా నాకు అంత శ్రద్ధగా వడ్డించలేదు. పేడకుప్ప దూరం వేయిద్దామని మా ఆయన ఒకసారి అంటే, "ఆ నోరులేనిది ఏం తిని బతకాలరా?" అని ఇంతెత్తున లేచారు. అయ్యవారు గోడ అవతల విననట్టు తల దించుకుని కూర్చున్నారు.

దసరా సెలవులు ఇచ్చే రోజు పెద్దమనిషి నాలుగు కాళ్ళ మీదా నిలబడింది. ఆకుపచ్చ రంగు తేలి, ఒళ్ళు చేసి ఉంది. గండికోట దారిలో తంగేడు పొదల దగ్గర వదలాలని నలభై మంది పిల్లలతో బయల్దేరారు. "సాకింది నేను, నేను రాకుండానా?" అని మా అత్తగారు బండి కట్టించారు, పక్కన నేను. అయ్యవారు దాన్ని కొమ్మ మీద పెట్టారు. అది ముందుకూ వెనక్కూ ఊగింది. ఆ దారంతా రాళ్ళే, పిల్లల కాళ్ళ కింద ఎన్నైనా ఉన్నాయి. ఒక్కడూ వంగలేదు. అరచేతులు కనబడేలా చేతులు చాచి నిలబడ్డారు, అది ఆయన చెప్పింది కూడా కాదు. పెద్దమనిషి కొమ్మ చివరిదాకా పోవడానికి అరగంట పట్టింది. పోతూ పోతూ ఒక చిన్న మిడతను తానే పట్టుకుని తినింది. పిల్లలు ఈలలు వేశారు. అయ్యవారు మాత్రం ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకుని, "ఇంక దాని సంసారం అది చేసుకుంటుంది" అన్నారు. మాట నిలబడిన మనిషి మొహంలా లేదు అది.

మరుసటి రోజు మధ్యాహ్నం మా అత్తగారు మజ్జిగ ఇచ్చి రమ్మంటే పోయాను. వసారాలో ఖాళీ గంప, ఖాళీ వేపకొమ్మ. లోపల అయ్యవారు ఒక్కరే విస్తరి ముందు కూర్చుని ఉన్నారు. అన్నం తినబోయే ముందు విస్తరి పక్కన నేల మీద నాలుగు మెతుకులు దేవతలకని పెట్టే అలవాటు ఆయనది. ఎక్కడి నుంచి వచ్చిందో, ఒక ఈగ ఆ మెతుకుల మీద వాలింది. తోలడానికి ఆయన చెయ్యి లేచింది. లేచిన చెయ్యి అట్లాగే ఆగింది. ఆయన వేపకొమ్మ వైపు చూశారు, మళ్ళీ ఈగ వైపు చూశారు. నేను మజ్జిగ చెంబుతో గుమ్మంలోనే ఆగాను. ఆ ఇంట్లో ఇన్నేళ్ళు ఆయన ఎంత ఒంటరిగా కూర్చుని తిన్నారో నాకు అప్పుడే తెలిసింది. చెయ్యి మెల్లగా దిగి ఒళ్ళో పడింది. ఈగ తీరిగ్గా మెతుకు మెతుకూ తిరుగుతూ ఉంది, ఆయన విస్తరిలో చెయ్యి పెట్టకుండా దానికోసం కాచుకుని కూర్చున్నారు.